చుట్టానికి పీట

పెద్దల అమావాస్య దగ్గర పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం సిద్ధప్ప పావగడలో నేనుండే ఇంటికి వచ్చాడు. బైకు వీధి మొదట్లోనే ఆపి, వెనక సీటుకు కట్టుకొచ్చిన గోనెసంచి మూటను రెండు చేతులా ఎత్తుకుని నడిచి వచ్చాడు. మాదీ వాళ్లదీ ఒకే ఊరు, రాయచెర్లు. మా చేలకు వాళ్ల చేను ఆనుకుని ఉండేది. ఇంత దగ్గరి మనుషులమై ఉండి, నాకు ఊహ తెలిసిన కొన్నాళ్లకే తెగిపోయిన మాట మళ్లీ అతకలేదు. అందుకే గుమ్మంలో అతన్ని చూడగానే లోపలికి రమ్మనాలని తోచలేదు. ఎందుకొచ్చాడో అని తోచింది. బాగుండావామ్మా అన్నాడు. బాగానే ఉన్నానని కుర్చీ చూపించాను. కుర్చీలో కూర్చోకుండా అరుగు మీద, మూటను పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. అది మర్యాదా, లేక చెప్పాల్సింది చెప్పి త్వరగా లేచిపోవడానికా అని నేను ఆలోచిస్తూ ఉండిపోయాను. మర్యాదలో కూడా మతలబు వెతకడం మా ఇంటి అలవాటు. దాన్ని దాచుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

అతను చెప్పిన మొదటి మాటే నన్ను నిటారుగా కూర్చోబెట్టింది. "ఈ తూరి అమావాస్యకు అవ్వ దగ్గరికి మా చేన్లోంచి పోమ్మా. నేను గేటు తీసిపెడతా," అన్నాడు.

ఆ మాట విలువ తెలియాలంటే మా అవ్వ సమాధి ఎక్కడుందో చెప్పాలి. మాది పెద్దిల్లు. మా ముత్తాతల కాలంలో ఊరి చుట్టూ ఏ దిక్కున నిలబడినా మా గట్టే కనబడేదని అంటారు. మా నాన్న కాలానికి అది తరిగి తరిగి ఊరి పక్క వాగు, మేం వంక అంటాం, దాని అవతల చేలకు వచ్చింది. నా చేతికి వచ్చేసరికి అవి కూడా సోలారు పలకల కిందికి పోయాయి. ఒక్క మూల మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. అది అవ్వను పూడ్చిన మూల. భూమి కాగితం పహణిలో ఇప్పటికీ నా పేరే ఉంది. అయితే దానికి మూడు వైపులా పలకల కంచె లేచింది. నాలుగో వైపు సిద్ధప్ప చేను. కంచె లేచినప్పటి నుంచి పెద్దల అమావాస్య రోజు నేను షేరు ఆటోలో ఊరికి వెళ్లి, తీగలకు ఇవతల నిలబడి, అక్కడే విస్తరి పెట్టి దూరం నుంచి దండం పెట్టుకుని వస్తున్నాను. కాపలా వాళ్లను ఒకసారి అడిగాను. ఆఫీసులో అడగమన్నారు. ఆఫీసు వాళ్లు ఇంకెవర్నో అడగమన్నారు. నేను ఒకే మాట రెండుసార్లు అడిగే మనిషిని కాను. సిద్ధప్పనైతే ఆ ఒక్కసారి కూడా అడగలేదు. మాట తెగాక అవ్వ మళ్లీ తొక్కని గట్టు మీదుగా అవ్వ దగ్గరికి పోవడం ఏమిటని ఊరుకున్నాను. కానీ వయసు మీద పడుతున్న కొద్దీ, ఆ రాళ్లను ఒక్కసారి చేత్తో తాకితే చాలునన్న కోరిక ఒకటి గట్టిగా నిలిచిపోయింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. సిద్ధప్పకు ఎలా తెలిసింది? అడక్కుండా ఎందుకు ఇస్తున్నాడు?

అవ్వ ఉంటే, "కొబ్బరిముక్క వాసనొస్తాండాది, పాపా," అనేది. ఆ మాట మనసులో ఇంకా పూర్తి కాకముందే అతను గోనెసంచి విప్పాడు. లోపల వేపచెక్క పెట్టె. ఒక పక్క ఇనుప చువ్వలు, ఇంకో పక్క పైకీ కిందికీ జారే పలక, నెత్తిన మొండిగా మిగిలిన కొక్కెం. మా ఇంటి ఎలుకల బోను. దాన్ని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. చువ్వల్లో ఒకటి వంగి ఉండేది. అది ఇంకా అలాగే ఉంది.

ఎలుకల బోను అని ఇప్పుడు రాస్తున్నాను గానీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. మా తాలూకాలో తెలుగు ఇళ్లలోనూ కన్నడ ఇళ్లలోనూ దాన్ని బోనే అంటారు. పులిని పెట్టేది బోను, కోర్టులో మనిషి ఎక్కేది బోను. అప్పులో చిక్కిన వాణ్ణీ, గయ్యాళి కోడలు దొరికిన అత్తనూ బోనులో పడినారని ఊరంతా అంటుంది. అవ్వ మాత్రం గడప లోపల ఆ మాట రానిచ్చేది కాదు. ఎలుకకు మనిషి మాట అర్థమవుతుందని, తన పేరు, బోను పేరు రెండూ వింటే ఆ దరికి రాదని ఆమె నమ్మకం. కాబట్టి ఎలుక చుట్టం. బోను పీట. సాయంత్రం దీపం పెట్టాక అవ్వ వంటింట్లోంచి, "చుట్టానికి పీట ఏసినారా?" అని అడిగేది. వేశామని ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఒకసారి మా అమ్మ తరఫు బంధువు ఒకాయన చెప్పాపెట్టకుండా వచ్చి పడసాలలో నడుం వాల్చి ఉన్నాడు. అవ్వ లోపల నుంచి, చుట్టానికి పీట వెయ్యండి, కొబ్బరిముక్క కాల్చి పెట్టండి, తెల్లారగానే వంక దాటించి రండి అని పురమాయించింది. ఆయన కండువా భుజాన వేసుకుని అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. పెద్దింటి వాళ్ల పొగరు గురించి ఊళ్లో ఉన్న కథలకు ఇంకొకటి కలిసింది. అసలు విషయం చెప్పి పంపుదామని అమ్మ అంటే, గడప లోపల ఎలా చెబుతామని అవ్వ అడిగింది.

పీట అవసరం ఎక్కువగా విత్తనపు గదిలో ఉండేది. శెనక్కాయలు పీకి, కొట్టి, ఎండబెట్టాక అమ్మేవి అమ్మగా, వచ్చే ఏటికి విత్తనంగా ఉంచేవి ఆ గదిలో పోసేవాళ్లు. కిటికీ లేని గది. తలుపు తీయగానే ఎండిన మట్టి, కాయ పొట్టు, వేపాకు కలిసిన వాసన ముఖానికి కొట్టేది. ఆ కాయల్లోంచి ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నా అవ్వకు తెలిసిపోయేది. వానలు మొండికేసే ఊళ్లో విత్తనం తిన్న ఇల్లు నిలవదని ఆమె మాట. తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది. అయినా కుప్ప తగ్గుతోందని ఆమెకు ఎప్పుడూ అనుమానమే. మొదట ఎలుక మీద, తర్వాత జీతగాడు హనుమంతు మీద, ఆ తర్వాత మా అమ్మ మీద, చివరికి తాళం మీద. పీటను ప్రతిసారీ వేడినీళ్లతో కడిగించి, వేపాకు పొగ పట్టించేది. మనిషి చేతి వాసన తగిలితే చుట్టం రాదు. ఎండుకొబ్బరి ముక్కను నిప్పు మీద చూపించి, అది చిటపటలాడి నూనె వదిలాక పుల్లతో పట్టుకుని కొక్కేనికి గుచ్చేది. ఆ వాసనకు మాకు నోట్లో నీళ్లూరేవి. అడిగితే, "ఊరికే వచ్చే తీపి ఎవరి కోసమో చూసుకో ముందు," అనేది. పెళ్లి సంబంధం మరీ బాగుందని ఎవరైనా చెబితే, దళారి ధర మరీ పెంచితే, దూరపు చుట్టం మరీ తియ్యగా పలకరిస్తే అవ్వ ముక్కు ఎగబీల్చి కొబ్బరిముక్క వాసన అనేది. నేను పెద్దదాన్నై నాలుగు ఊళ్లు తిరిగాక కూడా ఏ మంచి మాట విన్నా ముందు నా ముక్కే పని చేస్తుంది.

పడిన ఎలుకను మా ఇంట్లో చంపేవాళ్లు కాదు. వినాయకుడి వాహనం. హనుమంతు పీటతో సహా మోసుకెళ్లి వంక అవతల వదిలి వచ్చేవాడు. వంక అవతల అంటే సిద్ధప్ప వాళ్ల చేను. ఒకప్పుడు గొర్రెల మంద వెంట తిరిగిన కుటుంబం, మేము అమ్ముకున్న చేనే కొనుక్కుని ఇల్లు కట్టుకుంది. అది అవ్వకు గొంతులో ముల్లు. మా చేలకు కాలిబాట వాళ్ల గట్టు మీదుగానే ఉండేది. వాళ్లు ఎన్నడూ కాదనలేదు. ఎందుకు కాదనడం లేదని అవ్వ అడిగేది. సిద్ధప్ప వాళ్లమ్మ ఈరమ్మ దారిలో ఎదురైతే పక్కకు తప్పుకుని నిలబడేది. దానికీ అవ్వ దగ్గర ఒక అనుమానం ఉండేది. ఇంత అణకువ ఊరికే రాదని.

ఒక ఏడు హనుమంతు ఎలుకల్ని నిజంగా వంక దాటిస్తున్నాడా, లేక ఇంటి వెనకే వదిలేసి చుట్ట కాల్చుకుని వస్తున్నాడా అని అవ్వకు అనుమానం పుట్టింది. ఆమె వక్కాకు సంచిలో సున్నం ఎప్పుడూ ఉండేది. పీటలో పడిన ఎలుకకు చువ్వల సందులోంచి పుల్లతో మెడ మీద సున్నపు బొట్టు పెట్టి పంపింది. తెల్లబొట్టు ఎలుక మళ్లీ వస్తే దొంగ హనుమంతు. పుల్ల కోసం ఒక చువ్వను పక్కకు వంచింది కూడా ఆమే. నాకది ఆటలా ఉండేది. బొట్టు పెట్టించుకుంటున్నప్పుడు ఎలుక ముఖం ముడుచుకున్న తీరు, అచ్చం పెళ్లికూతురిలా ఉందని నేను నవ్వితే అవ్వ కూడా నవ్వింది. ఆమె నవ్విన సందర్భాలు తక్కువ కాబట్టి గుర్తుంది.

ఆ ఎలుక తిరిగి వచ్చింది. పొద్దున్నే విత్తనపు గది తలుపు తీసి, పీట ఎత్తి వెలుతురులోకి తెచ్చిన అవ్వ అలాగే నిలబడిపోయింది. మెడ మీద బొట్టు ఉంది. కానీ తెల్లగా లేదు. ఎర్రగా, అప్పుడే పెట్టినట్టు ఉంది. అమ్మ వచ్చి చూసి, రక్తమేమో అంది. రక్తం కాదని అవ్వ ఖండించింది. కుంకుమ అంది. వంక అవతల నుంచి కుంకుమ పెట్టుకుని వచ్చిన ఎలుక. అంతకు మించి ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది. చేతబడి అనే మాట కూడా గడప లోపల పలకకూడనిదే కాబట్టి అవ్వ హనుమంతును పిలిచి, "ఇది యాడి నుంచి మొదలైందో ఈ పీటను ఆడనే పెట్టిరా. మన ఇంటికి మళ్లా రాకూడదు," అని మాత్రం చెప్పింది. హనుమంతు దాన్ని ఎలుకతో సహా ఈరమ్మ వాళ్ల గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాడు. మర్నాటి నుంచి వాళ్ల గట్టు మీద కంపలు పడ్డాయి. దారి మూసేశారంటే తప్పు చేసినట్టేగా అని అవ్వ అంది. ఆ ఏడు విత్తనపు కాయలకు బూజు పట్టింది. దానికీ కారణం దొరికింది. మా మనుషులు చేలకు బండిదారిన చుట్టు తిరిగి పోవడం నేర్చుకున్నారు. అవ్వ పాడె కూడా ఆ చుట్టుదారినే వెళ్లింది. ఎండలో మోసేవాళ్లు మాటిమాటికీ భుజాలు మార్చుకున్నారు. కంపల అవతల ఈరమ్మ నిలబడి చూస్తూ ఉండటం నేను చూశాను. ఎందుకు చూస్తోందో అనుకున్నాను.

ఆ పెట్టె ఇప్పుడు నా అరుగు మీద ఉంది. ఎక్కడిదని అడిగాను. ఈరమ్మ పోయిన ఏడు కన్ను మూసింది. ఇన్నేళ్లూ అటక మీద, బోర్లించిన గంప కింద పెట్టుకుని ఉందట. కాలిస్తే కీడు గాలిలో కలుస్తుందని కాల్చలేదు. పారేస్తే తిరిగొస్తుందని పారెయ్యలేదు. పెద్దింటి వస్తువు పెద్దింటి వాళ్ల చేతికే ఇవ్వాలని, వాళ్లు తమంతట తాము తీసుకోవాలని కొడుకుతో చెప్పి పోయింది. ఇప్పుడు సిద్ధప్ప కోడలికి నెలలు నిండుతున్నాయి. బిడ్డ పుట్టేలోగా అది ఇంట్లో ఉండకూడదు. ఇదంతా అతను నేల చూస్తూ చెప్పాడు. నాకు ఒకలాంటి తృప్తి కలిగింది. నా ముక్కు తప్పు చెప్పలేదు. దారి కొబ్బరిముక్క, దాని వెనక పలక ఇది.

"అంటే మీ ఇంటి కీడు నా నెత్తిన పెట్టడానికొచ్చావు," అన్నాను.

"మా కీడు యాడిదమ్మా? మీ ఇంటి నుంచి వచ్చిందే మీకిస్తాండా."

"మేం పంపలేదు. మీరు కుంకుమ పెట్టి పంపితే తిప్పి పంపాం."

అతను తలెత్తాడు. మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "కుంకమ మేమేంది పెట్టేది? మీ ఎలుకే తెల్లబొట్టు పెట్టుకొని మా బోన్లో పన్యాది. ఏందో చేసి పంపినారని మా యమ్మ బయపడి, దాపుకు పోకుండా దూరం నించే చెంబుతో పసుపునీళ్లు చల్లింది. నేనే కండ్లు మూసుకొని ఎత్తుకపోయి వంక అవతల, మీ తట్టు ఇడిసొస్తి. మళ్లా దానికే ఎర్రబొట్టు పెట్టి, మా గట్టు మీద పెట్టిస్తిరి."

ఇద్దరం పెట్టె వైపే చూస్తూ కూర్చున్నాం. మా ఇంటి తెల్లబొట్టు సున్నం. వాళ్ల ఇంటి నీళ్లు పసుపు. ఊరి నుంచి వచ్చిన బిడ్డకు, బాలింతకు, కొత్త దంపతులకు దిష్టి తీయాలంటే పళ్లెంలో పసుపు కలిపి చిటికెడు సున్నం వేస్తారు. నీళ్లు ఎర్రబారతాయి. ఆ ఎర్రనీళ్లు కలపడం రాని ఆడది మా వైపు ఏ ఇంట్లోనూ ఉండదు. నాకు జ్వరం వచ్చినప్పుడల్లా అవ్వ తన చేతులతో కలిపింది.

"నాకు జొరమొస్తే మా యమ్మ అవే తీసి వీధిలో పోసేది," అన్నాడు సిద్ధప్ప. ఏవి అని నేను అడగలేదు.

కాసేపటికి లేచి రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చాను. అతను గ్లాసు పట్టుకుని నా గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ముందు తాగాను. అప్పుడు తాగాడు. ఎలుకను ఏం చేశారని అడిగాను. ఎవరూ ముట్టలేదట. వాళ్ల నాన్న దూరం నుంచి పొడుగు కట్టెతో పలక ఎత్తాడు. "అది బయటికొచ్చి కొంచేపు నిలబన్యాది. మా ఇంటి తట్టు పోలేదు, మీ ఇంటి తట్టు పోలేదు. వంక పట్టుకొని కిందికి ఎల్లిపోయ," అన్నాడు. ఆ జంతువు ఒక్కటే మా ఊళ్లో అప్పుడు సరిగ్గా ఆలోచించిందేమో.

అతను వెళ్లిపోయాక నా మనసు కుదుటపడిందని చెబితే అబద్ధం. పెట్టెను లోపలికి తీసుకెళ్లలేదు. తీసుకుంటానని అనలేదు, పట్టుకుపొమ్మనీ అనలేదు. అరుగు మీదే ఉంచి లోపలి నుంచి దాన్ని చూస్తూ ఉండేదాన్ని. పసుపునీళ్ల కథ అతను దారిలో అల్లుకున్నదైతే? సున్నపు బొట్టు సంగతి హనుమంతు ఎప్పుడైనా వాళ్లకు చెప్పి ఉంటే? నన్ను ఆ గట్టు మీద నడిపించి, పెద్దింటి మనిషి మా దారిన వచ్చిందని నలుగురికీ చూపించుకోవడానికైతే? ఒక రోజు చిన్న పళ్లెంలో సున్నపు చుక్క పెట్టి ఆరనిచ్చి, దాని మీద పసుపునీళ్లు చల్లి చూశాను కూడా. ఎర్రబారింది. పళ్లెం కడిగేశాను.

అమావాస్య పొద్దున విస్తరి, అన్నం, వడలు, నువ్వులు సంచిలో సర్దుకున్నాను. పెట్టెను గోనెసంచిలో చుట్టి ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఎందుకు తీసుకెళ్లానో అప్పుడు నాకే తెలియదు. అవసరమైతే అతని గట్టు మీదే పెట్టి రావచ్చని కావచ్చు. బలసముద్రం దాటాక రోడ్డుకు రెండు వైపులా పలకలు మొదలవుతాయి. శెనక్కాయ పచ్చగా పాకే నేల అంతా ఇప్పుడు ఒకే రంగు. ఆటోలో నా పక్కన కూర్చున్న ఆడవాళ్లు పలకల కింద గడ్డి కోయడానికి పోతున్నారు. తీగలు కొరుకుతున్నాయని అక్కడ ఎలుకలకు జిగురు అట్టలు పెడతారట. అతుక్కున్నది రోజంతా అరుస్తుందని, వినలేక పాట పెట్టుకుంటామని ఒకామె చెప్పింది. బోను అనే మాటను ఇప్పుడు ఎవరూ దాచి పలకరు. భూమి ఇవ్వమని మొదట అడగడానికి వచ్చినప్పుడు, ఇది బోనా కాదా అని టీ కొట్ల దగ్గర బాహాటంగానే వాదించుకున్నారు. ఫోనులో ఏదో నొక్కి బోనులో పడ్డామని పిల్లలు నవ్వుతూ చెబుతారు. భయపడి పేరు దాచిన కాలంలో మేము తక్కువ మోసపోయామని నేను అనను. ఎవర్ని చూసి భయపడాలో మాకూ తెలియలేదు. కానీ అప్పుడు పట్టిన ప్రాణిని ఎక్కడో ఒకచోట వదిలిపెట్టేవాళ్లం.

సిద్ధప్ప వంక దగ్గరే నిలబడి ఉన్నాడు. పలకరింపుగా తల ఊపి ముందు నడిచాడు. గట్టు మీద ఇన్నేళ్లూ వేళ్లూనుకున్న కంపలు లేవు. కొట్టేసిన మొదళ్ల దగ్గర కర్ర ఇంకా పచ్చిగా ఉంది. వాళ్ల ఇంటి ముందు నుంచి వెళ్తుంటే కోడలు నిండు పొట్టతో గుమ్మంలోకి వచ్చింది. ఆమె చూపు నా మీద లేదు, నా చేతిలోని గోనెసంచి మీద ఉంది. నేను ఆగాను. ఎందుకు అలా చేశానో చెప్పలేను, సంచి విప్పి పెట్టెను బయటికి తీశాను. అందరికీ కనబడేలా చంకన పెట్టుకున్నాను.

"ఇది మా ఇంటిదేనమ్మా. నేను తీసుకుపోతున్నాను," అన్నాను. ఆ పిల్ల కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

చేను చివర అతను చెప్పిన గేటు ఉంది. చెక్కపలకలను అడ్డంగా కొట్టి చేసిన పెద్ద తలుపు. మేకలు దాటకుండా, వదిలితే దానంతట అదే మూసుకునేలా తీగకు రాయి వేలాడదీశాడు. అతను దాన్ని లాగి తెరిచాడు. నేను గడపలాంటి రాయి దగ్గర నిలబడిపోయాను. ముందు నా మూల. దానికి మూడు వైపులా కంచె. వెనక ఈ తలుపు. మధ్యలో నేను కోరుకున్నది. దీనికంటే బాగా అమర్చిన పీట అవ్వ కూడా వెయ్యలేదు.

"పోమ్మా," అన్నాడు.

వెళ్లాను. సమాధి రాళ్లు నేను అనుకున్న దానికంటే చిన్నవి. ఎండకు వేడెక్కి ఉన్నాయి. గడ్డి పీకి, నీళ్లు పోసి కడిగి, విస్తరి వేసి వడ్డించాను. రాయి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాను. అవ్వకు జరిగింది చెప్పాలనుకున్నాను. ఆమె ఒప్పుకోదు. సున్నం మనదే కావచ్చు, పసుపు ఎందుకు చల్లింది అని అడుగుతుంది. కాకి వచ్చి అన్నం ముట్టే వరకూ ఉన్నాను. ఆ సేపంతా నా వీపు వెనక తలుపు పడిన చప్పుడు కోసం చెవులు వింటూనే ఉన్నాయి. అది పడలేదు.

లేచి తిరిగి చూశాను. సిద్ధప్ప తలుపుకు భుజం ఆనించి, రాయి బరువును ఒంటి మీద మోస్తూ నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. వదిలేసి మళ్లీ తెరవచ్చు. వదల్లేదు. పెట్టెను చంకన పెట్టుకుని నేను గడప రాయి దాటి ఇవతలికి వచ్చాకే అతను భుజం తీశాడు. పలక పడిన చప్పుడు చేను అంతా వినబడింది. ఇద్దరం బయటే ఉన్నాం.